నాన్న రెండు కిలోమీటర్లు నడుస్తారు, కానీ పీట మీద నుంచి లేవలేరు. కండలో ఏం జరుగుతోంది?

సుధ, తెనాలి:
మా నాన్నగారికి 71. ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు. షుగర్ లేదు. పొద్దున్నే కాలవ గట్టు మీద రెండు కిలోమీటర్లు ఆగకుండా నడుస్తారు. కింద కూర్చుని భోంచేశాక మాత్రం గోడ పట్టుకోకుండా లేవలేరు. చవితి పూజలో పీట మీద నుంచి లేస్తూ పడబోయారు. వేసవిలో జ్వరంతో పది రోజులు మంచం పట్టాక ఇది బాగా ఎక్కువైంది. తూకం 64 కిలోలు, పదేళ్ల కిందటా అంతే. ప్యాంట్లు తొడల దగ్గర వదులైపోయాయి. అందరూ "వయసు కదమ్మా" అంటున్నారు. సరే, వయసొస్తే కండ లోపల ఏం మారుతుంది?

రమణ:
మా అమ్మకీ ఇంతే అండి. ప్రొటీన్ పౌడర్ మొదలుపెట్టాం. పనిచేస్తుందా? డి విటమిన్ కూడా చూపించండి.

వేణు:
సుధగారూ, నేను ల్యాబ్‌లో కండర కణాల మీదే పనిచేస్తాను. మీరు చెప్పిన లక్షణాలే సగం జవాబు. కండలో నిదానంగా, అలసిపోకుండా పనిచేసే పోగులు టైప్ 1. ఒక్కసారిగా బలం చూపేవి టైప్ 2. కాలవ గట్టు మీద నడకకి మొదటివి చాలు. పీట మీద నుంచి లేవాలన్నా, తూలినప్పుడు చటుక్కున కాలేసి నిలదొక్కుకోవాలన్నా రెండోవి కావాలి. వయసుతో ముఖ్యంగా సన్నబడేవి ఇవే.

కారణం కొంత వెన్నుపాములో ఉంది. అక్కడ కండని కదిలించే నరకణాలు, అంటే మోటార్ న్యూరాన్లు, చనిపోతుంటే వాటి పోగులకి నరం తెగిపోతుంది. పక్కనున్న నిదానపు నరం కొన్నిటిని చేరదీసి తన రకంగా మార్చుకుంటుంది. మిగతావి ఎండిపోతాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే కుర్రవాళ్ల తొడ కండలో రెండు రకాలూ చదరంగం బల్లలా కలిసి కనిపిస్తాయి. పెద్దవాళ్లలో ఒకే రకం గుంపులు గుంపులుగా, మధ్యలో నలిగి కోసుగా మారిన చిన్న పోగులు. ఖాళీల్లో కొవ్వు చేరుతుంది, అందుకే తూకం మారలేదు.

పోగు లోపల ఇంకో మార్పు. తిండిలోని ప్రొటీన్ అరిగాక వచ్చే లూసిన్ అనే అమైనో ఆమ్లం రక్తంలోకి రాగానే ఎంటార్ అనే ప్రొటీన్ మేల్కొని కండ కట్టే పని మొదలుపెట్టిస్తుంది. వయసు మళ్లాక అదే మోతాదుకి అది అంతగా స్పందించదు. కుర్రాడికి పూటకి కిలో బరువుకి పావు గ్రాము ప్రొటీన్ సరిపోతే పెద్దవాళ్లకి 0.4 గ్రాములు కావాలి. మీ నాన్నగారికి సుమారు 25 గ్రాములు. రెండు గుడ్లు, గిన్నెడు పప్పు, పెరుగు ఉంటే వస్తుంది. రాత్రి రెండిడ్లీలతో సరిపెడితే రాదు. దెబ్బతిన్న పోగుని బాగుచేసే శాటిలైట్ కణాలు కూడా టైప్ 2 పోగుల దగ్గరే ఎక్కువగా తగ్గుతాయి.

ఆ పది రోజుల మంచాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2007లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం మీదే ఉంచితే, కాళ్లలో దాదాపు కిలో కండ పోయింది.

"వయసు కదా" అని వదిలేయొద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ల వృద్ధులతో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. బలం సగటున 174 శాతం పెరిగింది. తిండి మాట సరిగా వినని కండ, బరువు మాట ఇంకా వింటుంది. రమణగారూ, పౌడర్ ఒక్కటే ఇస్తే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. వ్యాయామం ముందు, తిండి దానికి తోడు.

పద్మజ, ఫిజియోథెరపిస్ట్:
చేతులు గుండెలకి కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు, ఆపైన పడితే సార్కోపీనియా (వయసుతో కండ, బలం తగ్గిపోయే జబ్బు) ఉందేమో పరీక్ష చేయించాలని ఆసియా నిపుణుల 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

సుధ:
17 పట్టింది. కుడి మోకాలు నొప్పి అంటున్నారు.

పద్మజ:
అయితే కుర్చీ మీద దిండేసి ఎత్తు పెంచండి. లేవడం కొంచెం చురుగ్గా, కూర్చోవడం మెల్లగా. నొప్పి లేకుండా పది చేయగలిగాక దిండు తీసేయండి. మీరు పక్కనే ఉండండి. ప్రొటీన్ పెంచే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించి డాక్టర్‌కి చూపించండి.