కారు ఏసీ కంప్రెసర్ మాటిమాటికీ ఆన్, ఆఫ్ అవుతోంది. ఇది మామూలేనా?

పక్కసీటు:
ఏసీ వేస్తే బానెట్ లోపల 'టక్'మని చప్పుడు వస్తోంది. ఆ వెంటనే ఆర్‌పీఎం ముల్లు కొంచెం దిగి మళ్లీ లేస్తోంది. కాసేపటికి ఇంకో టక్. ఇదివరకూ ఉండేదేమో తెలీదు కానీ, ఇప్పుడు చెవి అటే పోతోంది. కూలింగ్ కూడా తగ్గింది. కంప్రెసర్ పోయిందంటారా? ఖర్చు తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

నాలుగోగేరు:
గ్యాస్ తగ్గి ఉంటుంది బ్రో. కొట్టించేయండి, అదే సర్దుకుంటుంది.

పాతస్పానర్:
నేను చేసేది ఏసీ పనే. ఏమీ చూడకుండా గ్యాస్ కొట్టించకండి సార్.

టక్‌మనడం జబ్బు కాదు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ బెల్టు కంప్రెసర్ పుల్లీని తిప్పుతూనే ఉంటుంది, లోపలి షాఫ్ట్ మాత్రం తిరగదు. కంప్రెసర్‌కి ఉండే క్లచ్ (గేర్ల క్లచ్ కాదు) కాయిల్‌కి 12 వోల్టుల కరెంటు అందగానే అది అయస్కాంతమై ముందున్న ప్లేటును పుల్లీకి లాక్కుంటుంది. మీరు వింటున్నది అదే. ఆ లోడు పడ్డప్పుడే ముల్లు దిగేది.

మరి ఆపడం ఎందుకంటే, డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్ సున్నా డిగ్రీల కిందికి పోతే దాని మీది తడి గడ్డకట్టి గాలి రాదు. అందుకని సెన్సారు సున్నాకి కాస్త పైనే కంప్రెసర్‌ని ఆపించి, కాయిల్ వేడెక్కాక మళ్లీ వేయిస్తుంది. వేరియబుల్ కంప్రెసర్లున్న బళ్లలో ఈ గోల చాలా తక్కువ, అవి ఆగకుండానే లోపల పిస్టన్ కదిలే దూరాన్ని (స్ట్రోక్) తగ్గించుకుంటాయి.

అసలు చూడాల్సింది ఒక్కో విడత ఎంతసేపు తిరుగుతోందన్నది. ఏసీ ఫుల్‌లో పెట్టి, బానెట్ ఎత్తి, బెల్టుకి దూరంగా నిలబడి క్లచ్ ప్లేటును గమనించండి. ముందు రేడియేటర్ దగ్గరుండే, గ్యాస్ వేడిని బయటికి పంపే కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందా? ఇంజన్ ఆపిన వెంటనే ఏసీ లావు పైపు పట్టుకుంటే చల్లగా ఉందా?

పక్కసీటు:
చూశానండీ. నాలుగైదు సెకన్లు తిరిగి ఆగుతోంది, మళ్లీ అదే. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. లావు పైపులో చల్లదనం లేదు. కండెన్సర్ దగ్గర పైపు జాయింటు చుట్టూ మాత్రం జిడ్డుగా దుమ్ము పట్టుంది.

నాలుగోగేరు:
చెప్పానా! అంతగా అయితే ప్రెషర్ స్విచ్ వైర్లు రెండూ కలిపేయండి, ఆగకుండా తిరుగుతుంది.

పాతస్పానర్:
గ్యాస్ సంగతి మీరన్నదే నిజం. వైర్లు మాత్రం కలపొద్దు. గ్యాస్ తక్కువైతే కంప్రెసర్ తిరగగానే సక్షన్ వైపు, అంటే అది గ్యాస్ లాక్కునే వైపు, ప్రెషర్ ఇట్టే పడిపోతుంది, ప్రెషర్ స్విచ్ కరెంటు కట్ చేస్తుంది. ఆగగానే ప్రెషర్ లేస్తుంది, స్విచ్ మళ్లీ కలుపుతుంది. ఈ నాలుగైదు సెకన్ల ఆట అదే. కంప్రెసర్‌కి ఆయిల్ అందేది గ్యాస్‌తో పాటే. స్విచ్‌ని తప్పిస్తే కంప్రెసర్ ఆయిల్ లేకుండానే తిరుగుతూ చివరికి బిగుసుకుపోతుంది, అరిగిన లోహపు పొడి కండెన్సర్ దాకా పోతుంది. ఖర్చంటే అప్పుడు తెలుస్తుంది!

ఆ జిడ్డు కంప్రెసర్ ఆయిలే, లీకు దాదాపుగా అక్కడే. ముందు అది తేల్చి, జాయింటులోని రబ్బరు ఓ-రింగ్ మార్పించి, వాక్యూమ్ పెట్టించండి, అంటే లోపలి గాలి, తడి పంపుతో లాగించండి. తర్వాత బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని ఉంటే అంతే తూచి ఎక్కించమనండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు గేజ్ చూసి 'ఫుల్ ఉంది' అనేవాళ్ల మాట వినొద్దు. సిస్టమ్‌లో కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ఆ ప్రెషర్ వేడిని బట్టే ఉంటుంది. 134ఏ గ్యాస్ అయితే 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్‌ఐ చూపిస్తుంది, గ్యాస్ సగమే ఉన్నా సరే.

పక్కసీటు:
చాలా థాంక్సండీ. అప్పటిదాకా బండి నడపొచ్చా?

పాతస్పానర్:
నడపండి, ఏసీ బటన్ ఆపేసి. ముందద్దం మీది ఆవిరి పోగొట్టే బటన్ నొక్కినా చాలా బళ్లలో కంప్రెసర్ దానంతటదే ఆన్ అవుతుంది, అది గుర్తుంచుకోండి.