1978 వాల్తేరు గూడ్సు బండి: హెచ్‌ఓ స్కేల్లో ఏ వ్యాగన్లు పెట్టాలి?

కొత్తపట్టాలు

అందరికీ నమస్కారం. గోడ పొడవునా ఒక షెల్ఫ్ కట్టించుకుని దాని మీద 1978 నాటి వాల్తేరు యార్డులో ఓ మూలను మోడల్ రైల్వేగా చేద్దామని మొదలుపెట్టాను, హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు). ఇంజన్ సంగతి తేలిపోయింది, డబ్ల్యూడీఎం2 డీజిల్ ఇంజన్ బాడీ దొరికింది. చిక్కంతా వ్యాగన్ల దగ్గరే. ఇంజన్ గురించి ఏ చిన్న సందేహం అడిగినా పదిమంది ఎగబడి చెబుతారు, అదే వ్యాగన్ గురించి అడిగితే "ఏదో ఒక గూడ్సు డబ్బా తగిలించేయ్ బాస్" అంటున్నారు. బండి మొత్తంలో ఇంజన్ ఒకటే కదా, మిగతాదంతా డబ్బాలేగా!

ఇప్పటిదాకా నా దగ్గరున్నవి: త్రీడీ ప్రింట్ చేయించిన బాక్స్‌ఎన్ వ్యాగన్లు (పైకప్పు లేనివి) కొన్ని, బీసీఎన్‌లు (మూత ఉన్నవి) రెండు, ఒక గార్డు వ్యాను. బాక్స్‌ఎన్‌లలో బైలడిల్లా ఇనుప ఖనిజం అంచుదాకా నింపుదామని ఆలోచన. నంబర్లకు నెట్‌లో దొరికిన ఫోటోలు చూసి 11 అంకెలవి రాసి పెట్టుకున్నాను, ఇంకా అతికించలేదు. రెండు మూడు సందేహాలు. ఇవి 1978కి నప్పుతాయా? కొలతలు ఎక్కడ దొరుకుతాయి? మన బ్రాడ్‌గేజ్‌కి 16.5 మిల్లీమీటర్ల పట్టాలు ఇరుకు కదా, దానికి మీరంతా ఏం చేస్తున్నారు?

స్క్రూకప్లింగ్

నంబర్లు అతికించకపోవడం మంచిదయింది. ఆ 11 అంకెల పద్ధతి 2000 దాటాక వచ్చింది. మొదటి రెండంకెలు వ్యాగన్ రకం, తర్వాతి రెండు సొంత జోను, ఆపై రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరుస సంఖ్య, చివరిది చెక్ అంకె. 1978లో జోను అక్షరాలు, పక్కన మామూలు నంబరు, అంతే.

బాక్స్‌ఎన్ కూడా కుదరదు. అది వచ్చిందే 80ల మొదట్లో. చివరనున్న 'ఎన్' ఎయిర్‌బ్రేక్ గుర్తు. 1978లో మన గూడ్సు బండ్లు దాదాపు అన్నీ వాక్యూమ్ బ్రేకులతో నడిచేవి. రెండు రకాల బ్రేకులూ ఒకే బండిలో కలిపి నడపడం కుదరదు కాబట్టి "ఒకటో రెండో మధ్యలో ఇరికిస్తే ఎవరికి తెలుస్తుందిలే" అనుకునే వీలు కూడా లేదు. బీసీఎన్ కూడా అంతే. ఈ రెండింటినీ డబ్బాలో పెట్టి దాచుకోండి, రేపు 1988 యార్డు చేసినప్పుడు పనికొస్తాయి.

బాక్స్‌ఎన్ బాడీ మీదే అక్షరాలు మార్చి పాత బాక్స్ (అంతకు ముందున్న పైకప్పు లేని వ్యాగన్ రకం) అనిపిద్దామనుకోవద్దు, ఆకారమే వేరు. బాక్స్ పొడవు కప్లర్ల (వ్యాగన్లను కలిపే కొక్కేల) మధ్య 13.73 మీటర్లు, అంటే హెచ్‌ఓలో 158 మి.మీ. దాకా వస్తుంది. బాక్స్‌ఎన్ 10.71 మీటర్లే, హెచ్‌ఓలో 123 మి.మీ. లూప్ లైన్ (స్టేషన్లో బండి ఆగే పక్క పట్టా) పొడవు పెరగకుండా బండిలో ఎక్కువ టన్నులు పట్టించాలనే దాన్ని అలా పొట్టిగా, ఎత్తుగా చేశారు. 58 బాక్స్‌ఎన్‌లు పట్టే చోట పాత బాక్స్‌లు 45 మాత్రమే పడతాయి, లెక్క వేసి చూసుకోండి.

మీ సంవత్సరానికి సరిపోయేవి చెబుతాను. మూసి ఉన్నవాటిలో నాలుగు చక్రాల సీఆర్‌టీ, ఇంకా పాతవైతే కేసీ, పెద్దవి కావాలంటే బీసీఎక్స్. ఖనిజానికి బాక్స్. నూనెకు టీపీ ట్యాంకులు. పట్టాలు, ఇనుప సామాను వేయడానికి బీఆర్‌హెచ్ ఒకటి పెట్టుకుంటే బండి చూడ్డానికి ఎగుడుదిగుడుగా అందంగా ఉంటుంది. ఇప్పటి బండ్లలా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే అచ్చు వ్యాగన్లు కావు అప్పట్లో. మిశ్రమ గూడ్సంటే నిజంగా మిశ్రమమే.

ఓహైయోలో_ఒకడు

నేను ఇక్కడ అమెరికా గూడ్సు బండ్లు చేస్తుంటాను, 40ల నాటివి. మన బండ్ల గురించి నాకు తెలిసింది తక్కువే, అయితే ఇక్కడి వాళ్లు పరిశోధన చేసే తీరు మీకు పనికొస్తుందని చెబుతున్నాను.

ఇక్కడ ముందు వ్యాగన్ చూసుకోరు, తేదీ చూసుకుంటారు. సంవత్సరం కూడా చాలదు, నెల కూడా పెట్టుకునేవాళ్లున్నారు. ఎందుకంటే వాళ్లకు అఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్ అని ఓ లావుపాటి పుస్తకం ఉంది. ఏ కంపెనీకి ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఏ రకం కార్లున్నాయి (ఇక్కడ వ్యాగన్లను కార్లంటారు), లోపలి పొడవు ఎంత, ఎత్తు ఎంత, ఆ పూటకి ఎన్ని బతికున్నాయి అన్నీ అందులో ఉంటాయి. పాత సంచికల నకళ్లు కొనుక్కుని కూర్చుంటే బండి సగం తయారైనట్టే. ఇక కారు పక్కన రాసిన చిన్న అక్షరాలు చదివితే మిగతా సగం. కొత్తగా కట్టినప్పుడు 'న్యూ' అని నెల, సంవత్సరం వేస్తారు, తర్వాత మళ్లీ తూకం వేసినప్పుడల్లా ఆ తేదీ, వేసిన చోటు గుర్తు మారుస్తారు. అందుకే 1944 బండిలో 1947 తూకం తేదీ ఉన్న కారు కనిపిస్తే ఎవడో ఒకడు తప్పకుండా పట్టుకుంటాడు, వీళ్లకు అదో ఆనందం. బ్రేకులు చూసి కూడా వయసు చెప్పొచ్చు. 1933 నుంచి కొత్త కార్లకు ఏబీ రకం బ్రేకులు తప్పనిసరి అయ్యాయి, అంతకు ముందువి కే రకం, కింద సిలిండరు అమరికే వేరుగా ఉంటుంది.

ఇంకో మాట. ఇక్కడ బాక్స్‌కార్లు (మూత వ్యాగన్లు) దేశమంతా తిరుగుతాయి. ఎక్కడో మూలనున్న చిన్న లైన్ యార్డులో కూడా అన్ని కంపెనీల రంగులూ కనబడతాయి. బొగ్గు హాపర్లు అలా కాదు, గని నుంచి రేవుకో ఫ్యాక్టరీకో వెళ్లి ఖాళీగా సొంత గూటికి వచ్చేస్తాయి. కాబట్టి బండిలో ఏ కంపెనీవి ఎన్ని పెట్టాలనేది సరుకును బట్టి ఉంటుంది. మన దగ్గర కూడా ఇలాంటిదేదో ఉండి ఉండాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_టీఎక్స్ఆర్

ఉంది బాబూ. బ్రాడ్‌గేజ్ వ్యాగన్లు పూల్‌లో నడిచేవి, అంటే అన్ని జోన్లూ కలిపి వాడుకునేవి, ఐఆర్‌సీఏ (ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్) లెక్క చూసేది. సీఆర్‌టీ ఒకసారి సరుకెత్తుకుని బయల్దేరిందంటే ఏ జోనుకు పోతుందో, మళ్లీ ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. అప్పట్లో జోన్లు తొమ్మిది. మీ మిశ్రమ గూడ్సులో వేర్వేరు జోన్ల అక్షరాలు కొద్దో గొప్పో ఉండాలి, అన్నీ ఒకే జోనువి పెడితే యార్డు చూసినవాడెవడూ నమ్మడు.

రెండోది. వాల్తేరు అప్పట్లో సౌత్ ఈస్టర్న్. కొత్త కుర్రాళ్లు చాలామంది ఆంధ్రాలో ఉంది కాబట్టి సౌత్ సెంట్రల్ అని రాసేస్తారు, ఇంకొందరు ఈస్ట్ కోస్ట్ అని రాస్తారు. ఈస్ట్ కోస్ట్ వచ్చింది 2003లో. కిరండూల్ లైన్ (బైలడిల్లా గనుల లైను) ఖనిజం రేకులు, అంటే విడదీయకుండా నడిపే పూర్తి బండ్లు, ఆ కొండ మీదకీ రేవుకీ మధ్యే తిరిగేవి కాబట్టి వాటి మీద ఎక్కువగా ఎస్ఈ అక్షరాలే వేసుకోండి, పక్కన దేవనాగరిలో ద.పూ. కూడా. ఓహైయో బాబు చెప్పిన హాపర్ల కథే ఇది.

ఇప్పుడు ఖనిజం సంగతి. అంచుదాకా నింపుతానన్నారు, అలా నింపితే నిజం బండైతే స్ప్రింగులు కూర్చుండిపోతాయి. ఇనుప ఖనిజం టన్నుకు అర ఘనపు మీటరు కూడా పట్టదు. బాక్స్‌లో వేసేది 55 టన్నులు, అంటే పాతిక ఘనపు మీటర్లకు కాస్త అటూ ఇటూ. వ్యాగన్‌లో అంతకు రెట్టింపు పైగా చోటుంటుంది. కాబట్టి పక్కనుంచి చూస్తే ఖనిజం అసలు కనబడదు, పైనుంచి తొంగిచూస్తేనే అడుగున కుప్పలుగా కనబడుతుంది. బొగ్గయితే పైకి తేలుతుంది. ఇంత గోడ దండగ అనే ఖనిజం కోసం పొట్టి గోడల బీఓవై చేశారు. మీకు నిండుగా కనబడే బండే కావాలంటే బీఓవై చేసుకోండి.

వాల్తేరులో ఇంకేం సరుకు ఉండేదంటే, రిఫైనరీ నుంచి ట్యాంకులు. అది 1957 నుంచీ కాల్టెక్స్, 1976లో ప్రభుత్వం తీసుకుంది, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపేశారు. అంటే సరిగ్గా మీ సంవత్సరమే పేర్లు మారిన సంవత్సరం. ఫ్యాక్టరీ గేటు మీద బోర్డు పెట్టేటట్టయితే ఏ నెలో తేల్చుకుని పెట్టండి. కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ 1967 నుంచి ఉంది, బస్తాలన్నీ మూత వ్యాగన్లలోనే పోవాలి, బీసీఎక్స్‌లకు పని అక్కడే. ఔటర్ హార్బర్ కొత్తగా వచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ ఊసెత్తొద్దు, అప్పటికి దానికి శంకుస్థాపన రాయి మాత్రమే ఉంది.

మరకల గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. పాత నాలుగు చక్రాల వాటిలో చాలావాటికి ప్లెయిన్ బేరింగులు. యాక్సిల్ బాక్సులో నూనెతో తడిపిన ప్యాకింగ్ ఉంటుంది, ఆ నూనె కారి బాక్సు ముఖం మీద, చక్రం మీద నల్లగా జిడ్డు పట్టి దాని మీద దుమ్ము అంటుకుని ఉంటుంది. రోలర్ బేరింగు ఉన్న వ్యాగన్‌కి ఆ జిడ్డు ఉండదు, పొడి దుమ్మే. మోడల్ చేసేవాళ్లు అన్ని చక్రాలకూ ఒకే రంగు కొట్టేస్తుంటారు, చూస్తే ఒళ్లు మండుతుంది. ఇక సుద్దముక్క రాతలు. మేం టీఎక్స్ఆర్లం (ట్రెయిన్ ఎగ్జామినర్లం) పరీక్ష చేసి ప్రతి వ్యాగన్ మీదా ఏదో ఒకటి గీకేవాళ్లం, సిక్ అయితే (మరమ్మతుకు పంపాల్సిందైతే) పెద్దగా రాసేవాళ్లం. సుద్ద గీతలు లేని వ్యాగన్ అంటే వర్క్‌షాపు నుంచి నిన్ననే వచ్చిందని అర్థం.

కొత్తపట్టాలు

గురువుగారూ, దండాలు. ఉక్కు ఫ్యాక్టరీ సైడింగ్ కోసం పక్కన చోటు కూడా వదిలాను, దాన్ని ఎరువుల గోడౌన్‌గా మార్చేస్తా. కొలతలు, గేజ్ సంగతి ఇంకా తేలలేదు. కొందరు పట్టాలు సొంతంగా 19 మిల్లీమీటర్లకు వేసుకోమంటున్నారు. టెన్షన్ పుడుతోంది.

అసలు_గేజ్

వేసుకోవాలి మరి. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.26 వస్తుంది. 16.5 మీద మన బండి నడిపితే ముందునుంచి చూసినప్పుడు పెద్ద పొట్ట, సన్న కాళ్లు. పాయింట్లు (బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే చోట్లు) చేత్తో చేసుకోవడం కష్టమే, కానీ అసాధ్యం కాదు. ఇంత పరిశోధన చేసి చివరికి ఇంగ్లండువాళ్ల గేజ్ మీద నడుపుతారా?

స్క్రూకప్లింగ్

అన్నా, మీరు పట్టాలు వేయడం మొదలుపెట్టి ఎన్నాళ్లయింది, బండి ఎప్పుడు కదిలింది? ఊరికే అంటున్నాను, కోప్పడకండి. షెల్ఫ్ లేఅవుట్‌లో మనం బండిని పక్కనుంచే చూస్తాం, ముందునుంచి చూసేది ఫోటో తీసినప్పుడు మాత్రమే. 16.5 మీదే కానివ్వమని నా సలహా. దానికన్నా కంటికి కొట్టొచ్చేవి వేరే ఉన్నాయి, వాటి మీద శ్రమ పెట్టండి.

మొదటిది ఎత్తు. మన బఫర్ల (వ్యాగన్ చివర గుద్దు ఆపే గుండ్రటి దిమ్మెల) మధ్యభాగం పట్టా నుంచి ఖాళీ వ్యాగన్‌కి గరిష్ఠంగా 1105 మి.మీ. ఎత్తులో ఉంటుంది, నిండినప్పుడు కనీసం 1030. హెచ్‌ఓలో సుమారు 12 నుంచి 12.7. అమెరికా కప్లర్ ఎత్తు 10 మి.మీ. దగ్గరే. రెడీమేడ్ కేడీ కప్లర్ పెట్టెను వాళ్ల కొలతకే బిగిస్తే మీ వ్యాగన్ నేలకు కుంగినట్టుంటుంది. అన్నీ మన వ్యాగన్లే నడిపేటట్టయితే మన ఎత్తులోనే బిగించి ఇంజన్‌కీ అలాగే మార్చుకోండి. రెండోది బఫర్ల మధ్య దూరం, మనది 1956 మి.మీ., హెచ్‌ఓలో 22.5. యూరప్ హెచ్‌ఓ కిట్‌లోని బఫర్ బీమ్ తెచ్చి పెడితే బఫర్లు లోపలికి నొక్కుకుపోయినట్టు కనబడతాయి. చక్రాలు కూడా చూసుకోండి, అమెరికా 33 అంగుళాల చక్రాలు మన బోగీ (ఎనిమిది చక్రాల) వ్యాగన్ల కింద మరీ చిన్నవైపోతాయి, 36 అంగుళాలవి అడిగి తీసుకోండి.

కొలతలకు రైల్వే శాఖ వ్యాగన్ మెయింటెనెన్స్ మాన్యువల్ వెతకండి. పాత రకాలకు అదీ చాలకపోతే ఫోటోనే ఆధారం. 70ల్లో ఆవిరింజన్ల కోసం దేశం తిరిగిన విదేశీయులు తీసిన ఫోటోల్లో ఇంజన్ వెనక మొదటి రెండు మూడు వ్యాగన్లు శుభ్రంగా పడి ఉంటాయి, ఫోటో తీసినవాడు వాటిని పట్టించుకోకపోయినా. అందులో పక్కనుంచి తీసినది ఎంచుకుని, బఫర్ ఎత్తునే కొలబద్దగా పెట్టుకుని మిగతా కొలతలు లాగండి. ఖాళీదా నిండుదా అన్నది మాత్రం ముందు తేల్చుకోవాలి, ఆ తేడా ఏడు శాతం దాకా ఉంటుంది.

రిటైర్డ్_టీఎక్స్ఆర్

అక్షరాల గురించి ఒక్క ముక్క. స్టెన్సిల్ పెట్టి బ్రష్‌తో తెల్లరంగు కొట్టేవాళ్లు, అంచులు కారేవి, తర్వాత ఎవరో చేత్తో దిద్దేవాళ్లు. కంప్యూటరు అక్షరాల్లా నీటుగా వేయొద్దు. ఏ గుర్తు ఎక్కడ ఉండాలో ఐఆర్‌సీఏ రూల్సు మూడో భాగంలో ఉంటుంది, పాత పుస్తకాల కొట్లలో అప్పుడప్పుడు కనబడుతుంది. పీఓహెచ్ (వర్క్‌షాపులో పూర్తి మరమ్మతు) తేదీ వేసేటప్పుడు 1978 దాటనివ్వకండి, ఈ మాట ఓహైయో బాబు కోసం.

ఇంకోటి, గార్డు వ్యాను వెనక ఎల్‌వీ (లాస్ట్ వెహికల్, అంటే ఆఖరి డబ్బా) బోర్డు మర్చిపోయారు. అది లేకపోతే మీ బండి రెండు ముక్కలైందని స్టేషన్ మాస్టరు ఆపేస్తాడు.