మెగా డ్రైవ్ ప్రోటోటైప్ బోర్డు: ఒక ఈప్రామ్ చదివిన ప్రతిసారీ డేటా మారుతోంది, వైజాగ్‌లో ఎవరైనా సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. మా దగ్గర సెగా వాళ్ల గేమ్ కన్సోల్ మెగా డ్రైవ్‌కి చెందిన ప్రోటోటైప్ (విడుదలకు ముందటి నమూనా) గేమ్ బోర్డు ఉంది. బోర్డు మీద 27సీ010 ఈప్రామ్ (అతినీలలోహిత కాంతితో చెరిపే మెమరీ) చిప్పులు నాలుగు, ఒక్కోటి 128 కిలోబైట్లు. రెండిట్లో సరి బైట్లు, రెండిట్లో బేసి బైట్లు. టీఎల్866 ప్రోగ్రామర్‌తో (చిప్పులు చదివే, రాసే పరికరం) ఐదేసి సార్లు చదివితే మూడింటికి ప్రతిసారీ తమ తమ సీఆర్‌సీ32 (డేటా మారిందో లేదో చూపే సంఖ్య) మారకుండా వస్తోంది. నాలుగోదానికే ప్రతిసారీ వేరు.

సముద్రపు గాలికి చిప్పుల కాళ్లు (పిన్నులు) నల్లబడ్డాయి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం, ఫలితం లేదు. తేడాలు ఒకే డేటా లైన్‌లో ఉంటే కాలి దగ్గరే లోపం అనుకోవచ్చు. కానీ ఇవి చెల్లాచెదురుగా ఉన్నాయి, 0 ఉండాల్సిన చోట అప్పుడప్పుడు 1 వస్తోంది. అంటే మెమరీ సెల్‌లో (ఒక్కో బిట్ దాచే గదిలో) ఛార్జి కారిపోతోంది. చెరిగిన ఈప్రామ్‌లో అన్నీ 1లే కదా.

సరి, బేసి కలిపాక హెక్స్ (16 ఆధారంగా రాసే సంఖ్య) చిరునామా 100 దగ్గర సెగా పేరు సరిగ్గానే కనిపిస్తోంది. హెక్స్ 18ఈలోని చెక్‌సమ్‌ని (డేటా సరిచూసుకునే మొత్తాన్ని) నమ్మలేం, ప్రోటోటైప్‌లలో చాలాసార్లు దాన్ని సరిచేయకుండా వదిలేసేవాళ్లు.

అడిగేది ఇదీ. వీసీసీని (చిప్పుకిచ్చే సరఫరా వోల్టేజిని) 5 నుంచి 4.5 వోల్టులకీ, ఇంకా కిందికీ దించితే బలహీనమైన 0లు నిలబడాలి. ఎంతవరకు దించడం క్షేమం? ఇరవై రీడింగులు తీసి, ఎక్కువసార్లు వచ్చిన బిట్‌ని తీసుకోవచ్చా, లేక ఒక్కసారైనా 0 వస్తే అదే సరైనదనుకోవాలా? రెండోదే సబబనిపిస్తోంది.

గాజువాక, ద్వారకానగర్ వైపు వోల్టేజి సన్నగా మార్చగల ప్రోగ్రామర్ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి, బోర్డు తీసుకొస్తాం. చిప్పుల గాజు కిటికీల మీది లేబుళ్లు మాత్రం పీకనివ్వం. ఎండలాంటి వెలుతురు ఎక్కువసేపు సోకితే మిగిలిందీ పోవచ్చు, తేదీ రాసి ఉన్నదీ వాటి మీదే.