స్విఫ్ట్‌ను 35 మి.మీ. దించాలి: స్ప్రింగులు వేస్తే సరిపోతదా, షాకులు కూడా మార్చాల్నా?

నిజాంపేట_స్విఫ్ట్:
2018 మోడల్ స్విఫ్ట్, 60 వేల కి.మీ. తిరిగింది. షాకులు కంపెనీవే. ఓఆర్ఆర్ మీద లేన్ మారితే బాడీ మస్తు ఊగుతుంది, చక్రం పైన ఖాళీ కూడా నచ్చుతలేదు. లోయరింగ్ స్ప్రింగులు సరిపోతయా, కాయిలోవర్లకు (ఎత్తు మార్చుకునే స్ప్రింగు-షాకు సెట్లకు) పోవాల్నా? ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసిస్తనని మెకానిక్ అంటున్నడు.

టార్క్‌రెంచి:
కోయించకండి. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీస్తే అది 20 శాతం గట్టిపడుతుంది, పొట్టిదీ అవుతుంది. గోతిలో చక్రం వేలాడినప్పుడు సీటు వదిలేస్తుంది, మళ్లీ వంకరగా కూర్చోవచ్చు. గ్యాస్ కట్టర్ పెడితే ఉక్కు పదును పోయి కొన్నాళ్లకు అక్కడే కుంగుతుంది లేదా విరుగుతుంది.
లోయరింగ్ స్ప్రింగుకు పొట్టి షాకు ఉండాలి. బిల్‌స్టీన్ వాళ్లు కంపెనీ ఎత్తుకు బీ6, దించిన కారుకు బీ8 అని రెండు రకాలు చేసేది ఇందుకే. ముందు షాకు చూసుకోండి, స్ప్రింగు తర్వాత.

ఓఆర్ఆర్_ఆదివారం:
కోయొద్దన్న మాట వరకు కరెక్ట్. కానీ 35కు పొట్టి షాకులు అక్కర్లేదు భాయ్. 60 వేలు తిరిగినవి ఎలాగూ అరిగుంటాయి. కంపెనీ కొలతవే కొత్తవి నాలుగు, పైన స్ట్రట్ (ముందు స్ప్రింగు, షాకు కలిసిన కాలు) మౌంట్లు, బేరింగులు కొత్తవి. స్ప్రింగు తయారీదారు కాగితంలో బంప్ స్టాప్ (షాకు రాడ్డు మీది రబ్బరు ముక్క) ఎంత కోయమంటే అంత కోయండి. అయిపోయింది.

టార్క్‌రెంచి:
బంప్ స్టాప్ కోయడం ఎందుకు? షాకు చివరిదాకా వెళ్లి ఇనుముకు ఇనుము కొట్టుకోకుండా ఆపేది అదొక్కటే. అది పొట్టిదైతే ఆ దెబ్బ షాకు లోపలి వాల్వుకూ, స్ట్రట్ మౌంటుకూ తగులుతుంది.

ఓఆర్ఆర్_ఆదివారం:
కోయకపోతే కారు ఎప్పుడూ రబ్బరు మీదే ఆని నడుస్తుంది. మలుపులో ఒకవైపు బంప్ స్టాప్ తగలగానే ఆ పక్క ఒక్కసారి బిగుసుకుని టైరు పట్టు వదులుతుంది. అది ప్రమాదం కాదా?

టార్క్‌రెంచి:
అందుకే పొట్టి షాకు అంటున్నాను. రబ్బరు తాకే ముందు దూరం అందులో మిగులుతుంది.

మియాపూర్_గ్యారేజ్:
ఏది వేసినా రెండు పనులు మరవకండి. స్ట్రట్ పై నట్టు స్ప్రింగు కంప్రెసర్ బిగించాకే విప్పాలి. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే కడ్డీ) బుష్ బోల్టులు, వెనక బీమ్ బోల్టులు కారు నేల మీద నిలబడ్డాకే చివరి బిగింపు. చక్రాలు గాల్లో ఉండగా బిగిస్తే బుష్ రబ్బరు మెలిపడిపోయి త్వరగా చిరుగుతుంది. స్ప్రింగులు సర్దుకోవడానికి 300-500 కి.మీ. తిప్పి అలైన్‌మెంట్ చేయించండి. ముందర టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పకుండా మారుతుంది.

రూల్‌బుక్:
వాహనంలో మార్పుల గురించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూశారా? 2019 సవరణలో వచ్చిన 182ఎ కింద అనుమతిలేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

నిజాంపేట_స్విఫ్ట్:
అన్నా, బంప్ స్టాప్ సంగతి సరే. ఊగుడు తగ్గుతదా లేదా?

టార్క్‌రెంచి:
దించినంత మాత్రాన తగ్గదు. ముందర మెక్‌ఫర్సన్ స్ట్రట్. దించేకొద్దీ లోయర్ ఆర్మ్ బయటి చివర పైకి లేస్తుంది, రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఊగుతుందో అది) బాడీ బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి పోతుంది. బాడీని వంచే లివరు పొడుగవుతుంది. తగ్గేదల్లా స్ప్రింగు గట్టిపడటం వల్లే.

ఓఆర్ఆర్_ఆదివారం:
మీరు ఏ థ్రెడ్‌లో అయినా ఇంతే. ఒకాయన దించుకుంటానంటే వద్దనడానికి కొత్త కొత్త కారణాలు వెతుకుతారు. చేసి చూసినవాళ్ల మాట మీకు లెక్కలేదు.

టార్క్‌రెంచి:
కోసిన స్ప్రింగుల కారును ఒకప్పుడు ఎవరో చెప్పకుండా నాకు అంటగట్టారు. ఆ తర్వాతే ఇవన్నీ కొలవడం నేర్చుకున్నాను. ఒక్కటి చెప్పండి, మీ కారు వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?

ఓఆర్ఆర్_ఆదివారం:
ఎవరూ కూర్చోరు. అయితే ఏంటి?

టార్క్‌రెంచి:
మన గొడవంతా అదే. మీ లెక్క ఖాళీ కారుది. వెనక రెండు స్ప్రింగులూ కలిపి చక్రం దగ్గర మి.మీ.కు 5 కిలోలు మోస్తాయనుకోండి, బంప్ స్టాప్ తగలడానికి 80 మి.మీ. దూరం ఉందనుకోండి. వెనక ఆక్సిల్ మీద 200 కిలోలు పడితే 40 దిగుతుంది, ఇంకో 40 మిగులుతుంది. ఇప్పుడు 35 దించండి.

ఓఆర్ఆర్_ఆదివారం:
లోయరింగ్ స్ప్రింగు గట్టిది. మి.మీ.కు 6 కిలోలు వేయండి. 33 మాత్రమే దిగుతుంది.

టార్క్‌రెంచి:
వేశాను. 35, 33 కలిపితే 68. మిగిలింది 12 మి.మీ. నిబంధన ప్రకారం రోడ్డు హంప్ (స్పీడ్ బ్రేకర్) 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం. 2,450 మి.మీ. వీల్‌బేస్ కారు కింద అది 45 మి.మీ. కూడా పొడుచుకు రాదు, దానితో భయం లేదు. మన కాలనీల్లో అడుగున్నర వెడల్పుతో నిలువుగా పోసిన సిమెంటు దిమ్మల సంగతి వేరే. 163 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్‌లో ఆ 68 తీసేస్తే మీకు ఎంత మిగులుతుందో చూడండి.

నిజాంపేట_స్విఫ్ట్:
వెనక రోజూ ముగ్గురు కూర్చుంటరు. అమ్మానాన్న, పాప. మొదట్లనే చెప్పాల్సి ఉండె.

ఓఆర్ఆర్_ఆదివారం:
అట్లయితే 35 వద్దు భాయ్. ముగ్గురి సంగతి తెలిస్తే నేనూ చెప్పేవాణ్ని కాదు. 20 దించండి, షాకులు కొత్తవి వేయండి.

టార్క్‌రెంచి:
20 కూడా కొలిచాకే. వెనక షాకు రాడ్డుకు డస్ట్ కవర్ లేపి, కింద ఒక జిప్ టై బిగించండి. ముగ్గుర్నీ కూర్చోబెట్టి మీ వీధి దిమ్మలన్నీ ఎక్కి దిగండి. టై ఎక్కడిదాకా జరిగిందో చూస్తే ఎంత దూరం మిగిలిందో మీకే తెలుస్తుంది. 25 మి.మీ. కంటే తక్కువుంటే వెనక ముట్టుకోకండి.

ఓఆర్ఆర్_ఆదివారం:
25 ఎక్కువ. 20 మిగిలినా చాలు.

నిజాంపేట_స్విఫ్ట్:
ఆదివారం టై కట్టి చూసి కొలత ఇక్కడనే పెడ్త.