టాటా 2515 ఇంజన్: పని చేయించాలా, వేరేది ఎక్కించాలా?

ఎర్రగుంట్ల బండల లారీ:
నాది 2008 మోడల్ టాటా 2515, పది టైర్ల బండి, కమ్మిన్స్ 6బీటీ ఇంజన్. వేలూరుకు నాపరాళ్లు తోలుతుంటాను. ఈ మధ్య ఆయిలు తాగుతోంది, నీలి పొగ వదులుతోంది. గువ్వలచెరువు ఘాట్‌లో లోడుతో ఎక్కేటప్పుడు వెనక వచ్చే బస్సులన్నీ నన్ను తిట్టుకుంటూ దాటిపోతున్నాయి. ఇంజన్ విప్పి అరిగినవన్నీ బాగుచేసే పూర్తి పనికి ప్రొద్దుటూరు మేస్త్రీ రూ.2.10 లక్షలు చెప్పాడు. విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజన్ రూ.1.60 లక్షలకు ఇస్తామంటున్నారు. బండిని ఇంకో నాలుగేళ్లు తిప్పాలి. ఏది మేలు?

కడప ట్రాన్స్‌పోర్టు:
మార్చేయండి. పనికి ఇస్తే లేత్ దగ్గర, స్పేర్ల దగ్గర రోజులు గడిచిపోతాయి. నిలబడిన బండికి కిరాయి ఎవరిస్తారు?

కర్నూలు పాత మేస్త్రీ:
తమ్ముడూ, తొందరపడకు. ఆ యాభై వేలు ఉత్తుత్తి తేడా. మేస్త్రీ చెప్పిన లెక్కలో డీజిల్ పంపు కాలిబ్రేషన్, డీజిల్ చిమ్మే నాజిళ్లు, ఇంజన్ పైమూత అంటే హెడ్ పని ఉన్నాయా? ఉంటే ఆటోనగర్ ఇంజన్ పక్కన కూడా అవే రాసుకో. ఎండకూ వానకూ పడి ఉన్న ఇంజన్‌ను సీళ్లు కూడా మార్చకుండా ఎక్కించేవాణ్ని నేను మేస్త్రీ అనను. రవాణా ఖర్చు సరేసరి.

6బీటీకి సిలిండర్లలో విడిగా దింపే గొట్టాలు, అంటే లైనర్లు, ఉండవు. సిలిండర్‌ను ఇంజన్ దిమ్మెలోనే, అంటే బ్లాకులోనే, తొలిచి ఉంటారు, సైజు 102 మి.మీ. అరిగితే అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో బోరు చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. అదీ దాటితే బోరులోకి స్లీవులనే కొత్త గొట్టాలు దింపాల్సిందే. పిస్టన్లు తిప్పే ఇరుసును, అంటే క్రాంకును కూడా పావు మిల్లీమీటరు చొప్పున గ్రైండింగ్ చేస్తూ పోతారు, దానికీ ఒక హద్దు ఉంది. కాబట్టి నీ ఇంజన్‌కు ఇదివరకు ఎంత పని జరిగిందో ముందు తేల్చుకో. మొదటిసారి అయితే కళ్లు మూసుకుని చేయించు. బోరు, క్రాంకు రెండూ చివరికొచ్చి ఉంటే మాత్రం మార్చడమే నయం. అప్పుడు టాటా వాళ్ల ప్రోలైఫ్ అనే మార్పిడి పథకంలో పాతది ఇచ్చి రీకండిషన్ ఇంజన్ తీసుకుంటే ఎంతవుతుందో అడుగు. ఆటోనగర్ సరుకు లోపల ఏ సైజులో ఉందో విప్పితే గానీ తెలియదు, కొనకముందు విప్పనివ్వరు.

బండలు తోలే బండి అంటున్నావు కనుక ఇంకో మాట. ఎయిర్ క్లీనర్ నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టం విప్పి లోపల వేలితో రుద్ది చూడు. బూడిద రంగు పొడి అంటుకుంటే ఇంజన్‌ను తిన్నది ఆ రాతి ధూళే. అది ఆపకుండా ఏ ఇంజన్ పెట్టినా రింగులు మళ్లీ అరుగుతాయి.

విప్పినప్పుడు టైమింగ్ గేర్ల వైపు ఉండే డోవెల్ పిన్ అనే చిన్న ఇనుప మేకును కూడా చూడమను. పాత 6బీటీల్లో అది వదులై గేర్లలో పడుతుంటుంది. అడ్డంగా చిన్న పట్టీ బిగిస్తే సరిపోతుంది, కానీ చెప్పకపోతే ఎవరూ చేయరు.

అనంతపురం ఆర్‌సీ పనులు:
ఇంజన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది. బ్లాకు మారితే మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 కింద రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో మార్పించాలి. ఎనిమిదేళ్లు దాటిన బండి ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాలి కదా, నంబరు కలవకపోతే అక్కడే దొరికిపోతారు. ప్రమాదం జరిగితే బీమా వాళ్లు కూడా దాన్నే పట్టుకుంటారు. బిల్లు ఇవ్వనివాడి దగ్గర ఇంజన్ కొనకండి, అది ఏ దొంగబండిదో ఎవరికి తెలుసు?

ఎర్రగుంట్ల బండల లారీ:
మేస్త్రీగారూ, గొట్టం విప్పాను. క్లిప్పు కింద చీలిక ఉంది, లోపలంతా పొడి. 2016లో నాన్న ఒకసారి ఇంజన్ పని చేయించారట, ఏ సైజు వేశారో ఆయనకు గుర్తులేదు. రేపు హెడ్ విప్పిస్తున్నాను.

కర్నూలు పాత మేస్త్రీ:
ఆయనకు గుర్తులేకపోయినా ఫరవాలేదు. హెడ్ ఎత్తగానే పిస్టన్ తల మీది మసి తుడిచి చూడు. ఓవర్‌సైజు అయితే సాధారణంగా 0.50 అనో, 1.00 అనో కొట్టి ఉంటుంది. 0.50 కనిపిస్తే ఇంకో బోరు మిగిలినట్టే, ప్రొద్దుటూరులోనే పని చేయించు. 1.00 అని ఉంటే ఫోటో ఇక్కడ పెట్టు, స్లీవుల ఖర్చు లెక్క వేద్దాం.