72 ఓములు రావాల్సింది 48 వచ్చింది: తప్పు సాఫ్ట్‌వేర్‌దా, నా డాబాదా?

సన్నతీగ: హామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండ్‌కి 20.1 మీటర్ల డైపోల్ (నడుమ కేబుల్ తగిలించే తీగ యాంటెన్నా) కట్టాను. యాంటెన్నా మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఫోర్‌నెక్‌టూలో, ఫ్రీ స్పేస్‌లో (చుట్టూ నేల, గోడ ఏమీ లేనట్టు) పెడితే 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఇంపెడెన్స్ 72 ఓములు. డాబా మీద శ్లాబుకి 3 మీటర్ల ఎత్తున కట్టి నానోవీఎన్ఏ మీటర్‌తో కొలిచి చూస్తే 48. ఏది నమ్మాలి?

పాతరేడియో: 50 ఓముల కోయాక్స్ కేబుల్‌కి అతికినట్టు సరిపోయింది కదా బాబూ! ఎస్‌డబ్ల్యూఆర్ (కేబుల్‌కీ యాంటెన్నాకీ పొంతన కొలత, 1 అయితే సరిగ్గా కుదిరినట్టు) 1.05 లోపే. కంప్యూటర్ కట్టేసి సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) కొట్టు.

లెక్కలమాస్టారు: మోడల్‌లో తీగని ఎన్ని సెగ్మెంట్లు (ముక్కలు) చేశావు?

సన్నతీగ: 20.

లెక్కలమాస్టారు: అదీ సంగతి. సరి సంఖ్య పెడితే సోర్స్ (కరెంటు ఇచ్చే చోటు) నడిమధ్యకు రాదు. 21 పెట్టు.

సన్నతీగ: పెట్టాను మాస్టారూ. అర ఓము కూడా మారలేదు.

లెక్కలమాస్టారు: అయినా బేసి సంఖ్యే పెట్టాలి.

పాతరేడియో: మీరు సెగ్మెంట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోండి. మా రోజుల్లో కటింగ్ ప్లేరుతో తీగ చివర్లు కొంచెం కొంచెం కత్తిరిస్తూ, మీటర్ ముల్లు పడుకునేదాకా డాబా ఎక్కి దిగేవాళ్లం. మొన్న ఒక కుర్రాడు నా యాంటెన్నాని సాఫ్ట్‌వేర్‌లో గీసి, "ఇది పనిచేయదు అంకుల్" అన్నాడు. ఆ రాత్రే దాంతో సింగపూర్‌తో మాట్లాడాను.

రాగిచుట్ట: సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు, ప్రశ్నే వేరు. ఆ 72 శూన్యంలో వేలాడే తీగది. 7.1 దగ్గర తరంగదైర్ఘ్యం 42 మీటర్లు, నీ ఎత్తు అందులో పద్నాలుగో వంతు. కింద నేలంతా లోహమే అనుకుని మోడల్ చేసి చూడు, 10-12 ఓములకు పడిపోతుంది. శ్లాబులో ఊచలున్నా అది రాగిరేకు కాదు. కాబట్టి ఆ 48లో చాలా భాగం నష్టమే అయ్యుండాలి, కాంక్రీటుని వెచ్చబెడుతున్నావు. ఎస్‌డబ్ల్యూఆర్ చూసి మురిసిపోతే డమ్మీ లోడ్‌కి (పవరంతా వేడిగా మార్చే ఉత్తి రెసిస్టర్‌కి) ఇంకా బాగుంటుంది. నేలకి సోమర్‌ఫెల్డ్ పద్ధతి (నిజమైన నేలని లెక్కలోకి తీసుకునేది) ఎంచుకుని మళ్లీ నడుపు.

గాలిపటం: వీఎన్ఏ ఎక్కడ తగిలించావు? బాలన్ (కేబుల్ పైతొడుగు మీదికి కరెంటు పోకుండా ఆపేది) ఉందా?

సన్నతీగ: కింద గదిలో. ఆర్‌జీ58 కేబుల్ 13.9 మీటర్లు, అంటే కేబుల్ లోపల అర తరంగం (అందులో తరంగం పొట్టిగా ఉంటుంది). పైన ఉన్నదే కింద కనిపిస్తుంది. బాలన్ లేదు.

గాలిపటం: అయితే కోయాక్స్ పైతొడుగు కూడా నీ యాంటెన్నాలో భాగమే. ముందు బాలన్‌గా కేబుల్‌కి ఫెర్రైట్ రింగులు వెయ్యి, తర్వాత ఎవరిది తప్పో తేల్చుకోండి.

పాతరేడియో: డమ్మీ లోడ్ అన్నది నన్నేగా? నాదీ 3 మీటర్లే! ఆ పోల్‌కే అపార్ట్‌మెంట్ వాళ్లు మూడు మీటింగులు పెట్టారు. ఎత్తు పెంచమంటే 10 మీటర్లు నేనెక్కడి నుంచి తేను? స్థలం ఉన్నవాడి సాఫ్ట్‌వేర్ అది.

రాగిచుట్ట: ముందే ఈ మాట చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు సార్. పోల్ కదపలేనప్పుడే మోడల్ పనికొచ్చేది. ఒక చివర పిట్టగోడ దాటించి, వాలుగా దేనికైనా కట్టే వీలుందా? కొలతలు పెట్టండి, నడిపి చెప్తాను.

పాతరేడియో: కొబ్బరిచెట్టు ఉంది. 14 మీటర్ల దూరం.

పాతరేడియో: చెట్టు పక్కవాళ్లది.