డల్లాస్–హైదరాబాద్ టీంకి రోజూ స్టాండప్ కాల్ (ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే చిన్న సమావేశం) కావాలా, చాట్‌లో రాస్తే చాలదా?

కృష్ణాతీరం:
ముందు లెక్క చూడండి. హైదరాబాద్‌లో ఆరుగురు, డల్లాస్‌లో ముగ్గురు ఉన్న టీం. అక్కడి ఉదయం 8:30కి కాల్ పెడితే వేసవిలో మనకు రాత్రి 7. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, అప్పట్నుంచి మార్చి రెండో ఆదివారం దాకా మనకు 8. పావుగంట అనుకున్న కాల్ అరగంట సాగితే తొమ్మిది మందివీ కలిపి వారానికి 22.5 గంటలు. అందులో ఒక్కొక్కరికి పనికొచ్చే మాట రెండు మూడు నిమిషాలకు మించి ఉండదు. సాయంత్రం 6 లోపు అందరూ చాట్‌లో రాసేసి, ఈ కాల్ ఎత్తేయాలని నా వాదన.

టెస్ట్‌బెంచ్:
అరగంట ఎందుకు పడుతోందో చూడకుండా కాల్‌నే తీసేయమంటే ఎలాగండీ? ఒకరి తర్వాత ఒకరు ‘నిన్న ఇది చేశాను, ఇవాళ అది చేస్తాను, అడ్డంకులేమీ లేవు’ అని మేనేజర్‌కి అప్పజెప్పడంలోనే ఉంది తేడా అంతా. ఆ మూడు ప్రశ్నల్ని, స్క్రమ్ అనే టీం పని పద్ధతికి మూల పత్రమైన స్క్రమ్ గైడే 2020 కూర్పులో తీసేసింది. 15 నిమిషాల హద్దు ఉంచి, ఎలా నడుపుకోవాలో డెవలపర్లకే వదిలేసింది.

మనుషుల వరసన కాదు, బోర్డు (పనులన్నీ దశలవారీ కాలమ్‌లలో ఉండే పట్టిక) వరసన వెళ్లండి. అదీ కుడి నుంచి ఎడమకు: ముందు డిప్లాయ్ కావాల్సినవి (వాడుకలోకి వెళ్లాల్సినవి), తర్వాత టెస్టింగ్, తర్వాత రివ్యూ (రాసిన కోడ్‌ని వేరొకరు చూడడం), ఆఖర్న డెవలప్‌మెంట్. కుడివైపున్న టికెట్ (బోర్డు మీది ఒక్కో పని) మీద ఇప్పటికే ఎక్కువ శ్రమ పెట్టేశాం. అది బయటికి వెళ్తే ముగ్గురికి చేతులు ఖాళీ అవుతాయి. ఎడమ నుంచి మొదలుపెడితే కొత్త పని గురించే మాట్లాడుతూ టైం అయిపోతుంది, రివ్యూలో నాలుగు రోజులుగా పడున్నదాని ఊసే రాదు. ఒక్కో టికెట్‌కి ఒకటే ప్రశ్న: ఇది ఇవాళ పక్క కాలమ్‌లోకి జరగాలంటే ఎవరు ఏం చేయాలి? సాఫీగా నడుస్తున్నవాటిని వదిలేయండి. ఒకే కాలమ్‌లో మూడు రోజులు దాటినవాటి గురించి ముందు మాట్లాడండి. ఇద్దరి మధ్య సాంకేతిక చర్చ మొదలైందా, వాళ్లిద్దరే కాల్ అయ్యాక ఉండిపోవాలి, మిగతావాళ్లు వెళ్లిపోవాలి.

షిఫ్ట్ ఇన్‌చార్జ్:
నాది ఫార్మా ప్లాంట్ వైపు, అయినా ఈ ప్రశ్న మాదీ. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 షిఫ్టుల్లో మారినప్పుడల్లా బోర్డు దగ్గర పది నిమిషాలు నిలబడతాం. ముందు భద్రత, తర్వాత నాణ్యత, తర్వాత ఉత్పత్తి, మెషీన్ బ్రేక్‌డౌన్లు. లాగ్‌బుక్‌లో అన్నీ రాసే ఉంటాయి. అయినా నోటితో చెప్పకుండా షిఫ్ట్ అప్పగించం. ‘టెంపరేచర్ పరిధిలోనే ఉంది కానీ గంట నుంచి మెల్లగా పెరుగుతోంది’ లాంటి సంగతి పుస్తకంలో వట్టి అంకెగానే మిగిలిపోతుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ల చర్చల్లో నాకు కనపడని మెట్టు ఒకటుంది. అడ్డంకి చెప్పేశాక అది ఎక్కడికి వెళ్తుంది? షిఫ్టులో తేలనిది ఉదయం 9కి డిపార్ట్‌మెంట్ మీటింగ్‌కి, అక్కడా తేలకపోతే ప్లాంట్ హెడ్ దగ్గరికి వెళ్లాలి. ప్రతిదానికీ ఒక పేరు, ఒక తేదీ. తేదీ దాటితే ఎవరినీ అడగకుండానే పైకి వెళ్లిపోవాలి. ఈ దారి లేకపోతే ‘డేటాబేస్ యాక్సెస్ ఇంకా రాలేదు’ అన్న మాటే పది రోజులు వినపడుతుంది, పదకొండో రోజు చెప్పడమే మానేస్తారు. కాల్ అయినా చాట్ అయినా అప్పుడు ఒకటే.

రివ్యూ పెండింగ్:
ఇన్‌చార్జ్ గారి మాటకి ఇంకొకటి కలపాలి. స్టాండప్‌లో చెప్పిన ఆలస్యాన్ని అప్రైజల్లో బయటికి తీసిన మేనేజర్ ఉంటే ఆ టీంలో ఇక అడ్డంకి అనేదే వినపడదు. మేనేజర్ రావచ్చు, కానీ చివర్లోనే మాట్లాడాలి. నడిపే బాధ్యత వారానికొకరికి మారాలి.

కృష్ణాతీరం గారూ, చాట్‌తో అసలు నష్టం రెండు ఊళ్ల మధ్య ఉంది. మనం రాత్రి 7కి ప్రశ్న రాసి లాగాఫ్ అవుతాం. డల్లాస్ వాళ్లు దానికి ఎదురు ప్రశ్న వేస్తే అది మనం చూసేది మర్నాడు ఉదయం. మనం జవాబిచ్చేసరికి వాళ్లు నిద్రలో ఉంటారు. రెండు విడతల సందేహానికి రెండు రోజులు. కాల్‌లో అదే రెండు నిమిషాల పని.

అందుకని రెండూ ఉండాలి. 6:30కల్లా నోట్: టికెట్ నంబర్, బ్రాంచ్ (ఆ పనికి విడిగా ఉంచిన కోడ్ కాపీ) పేరు, ఎంతవరకు అయింది, ఎక్కడ ఫెయిలవుతోంది (ఎర్రర్ లైన్‌తో సహా), తర్వాతి అడుగు. ‘80 శాతం అయింది’ అని రాస్తే అవతలివాళ్లు దాన్ని అందుకోలేరు. కాల్‌లో నోట్ చదవకూడదు. దాని మీద వచ్చిన ప్రశ్నలే అడగాలి.

కృష్ణాతీరం:
ఎదురు ప్రశ్న సంగతి ఒప్పుకుంటాను. కానీ అదే లెక్క శుక్రవారానికి వేసి చూడండి. మనం శుక్రవారం రాత్రి అడిగినదానికి వాళ్లు తమ శుక్రవారం పగలు జవాబిస్తారు. సోమవారం ఉదయం మనకి సిద్ధంగా ఉంటుంది. వాళ్లు శుక్రవారం అడిగింది మనం సోమవారం పగలు తేలుస్తాం. అప్పటికి డల్లాస్‌లో ఇంకా తెల్లవారదు. ఎటు చూసినా పనిరోజు పోవట్లేదు. శుక్రవారం నోట్ చాలు, కాల్ వద్దు. టైం కూడా అక్కడి గడియారానికి కట్టేయకుండా ఏడాదంతా మన 7కే ఉంచి, చలికాలంలో వాళ్లని 7:30కి రమ్మనాలి.

టెస్ట్‌బెంచ్:
టైం విషయంలో మీతోనే ఉన్నాను. శుక్రవారం లెక్క కూడా సరిగ్గానే ఉంది, శనివారం రిలీజ్ లేని వారాల్లో. రిలీజ్ ఉంటే ఎవరు ఏ గంటకి ఆన్‌కాల్ (పిలిస్తే వెంటనే అందుబాటులో ఉండాల్సినవాళ్లు), ఆ రిలీజ్‌ని వెనక్కి తీసుకోవాలంటే ఎవరు నిర్ణయించాలి అన్నవి నోట్‌కి వదలొద్దు. పేర్లు పిలిచి ‘సరే’ అనిపించుకోవాల్సిందే.